పక్కన ఇంకో గ్లాసు ఉంటేనే: పీపాలో మాగిన మద్యాలను పోల్చి రుచి చూడటం ఎలా

ఒక విస్కీని ఒంటరిగా రుచి చూస్తే మనకు తెలిసేది కొంచెమే. ఘాటుగా ఉంది, మెత్తగా దిగింది, బాగుంది. అంతకు మించి మాట రాదు. అదే గ్లాసు పక్కన మరో విస్కీ పోసి, ఒకదాని వెంట ఒకటి వాసన చూడండి. ఇందాక ‘బాగుంది’ అని సరిపెట్టుకున్నదానిలో కొబ్బరి వాసన ఉందని, రెండోదానిలో అది లేదని చటుక్కున తెలుస్తుంది. తేడా పట్టుకోవడంలో ముక్కు దిట్ట. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పమంటే మాత్రం తడబడుతుంది. అందుకే మీకు ఏ సీసా ఎందుకు నచ్చుతుందో తెలియాలంటే, దాని గురించి రాసిన వర్ణనలు చదవడం కంటే దాని పక్కన సరైన జోడీని నిలబెట్టడం మేలు. ఆ జోడీని ఎలా ఎంచుకోవాలి, ఎలా పోయాలి, ఎలా చూడాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ప్రశ్న, తర్వాత సీసాలు

చాలామంది ఉన్న సీసాలన్నీ బల్ల మీదికి చేర్చి ‘వీటిలో ఏది గొప్పదో ఈ పూట తేల్చేద్దాం’ అని కూర్చుంటారు. ఏమీ తేలదు. పొగ వాసన వేసే స్కాచ్, తియ్యటి అమెరికా విస్కీ బోర్బన్, ద్రాక్ష నుంచి తీసిన కోన్యాక్ ఒకే వరుసలో ఉంటే ముడిసరుకు వేరు, పీపా వేరు, వాతావరణం వేరు. ఏ తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒక పూటకు ఒకే ప్రశ్న పెట్టుకోండి. మిగతావన్నీ వీలైనంత సమానంగా ఉంచి ఒక్క అంశాన్నే మార్చండి.

పీపా ఏం చేస్తుందో చూడాలనుకుంటే గ్లెన్‌మోరంజీ ఒరిజినల్ అనే స్కాచ్, అదే సంస్థ లసాంటా మంచి జోడీ. మొదటిది బోర్బన్ మాగిన పీపాల్లో పెరిగింది. రెండోది కూడా అలాగే మొదలై, చివరి కొంతకాలం షెర్రీ అనే స్పెయిన్ వైన్ పట్టిన పీపాల్లో గడిపింది. బట్టీ నుంచి వచ్చిన సారం ఒకటే, చెక్క మారింది. మొదటిదానిలో వనిల్లా, నారింజ తొక్క తగిలితే, రెండోదానిలో ఎండుద్రాక్ష, మసాలా ముందుకొస్తాయి. అమెరికా ఓక్ కలపలో వనిలిన్, కొబ్బరిని తలపించే లాక్టోన్లు ఎక్కువ. యూరప్ ఓక్ వగరును, లవంగం ఛాయను ఎక్కువగా ఇస్తుంది. ఇక్కడో చిన్న సంగతి. ఒకప్పుడు స్పెయిన్ నుంచి షెర్రీ పీపాల్లోనే ఓడలెక్కేది, ఖాళీ అయిన పీపాలు స్కాట్లాండ్‌లో విస్కీకి దొరికేవి. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాలకు ఎత్తాలన్న నిబంధనతో ఆ రవాణా ఆగిపోయింది. ఇప్పుడు ‘షెర్రీ పీపా’ అంటే చాలావరకు విస్కీ కోసమే పనిగట్టుకుని షెర్రీ పట్టించిన పీపా.

ధాన్యం గురించి తెలుసుకోవాలంటే బోర్బన్ వైపు వెళ్లండి. చట్టం ప్రకారం బోర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలి పక్క కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే మాగాలి. పీపా నియమం అందరికీ ఒకటే కాబట్టి తేడా ధాన్యం దగ్గర బాగా బయటపడుతుంది. మేకర్స్ మార్క్‌లో మొక్కజొన్నకు తోడు రై ధాన్యం బదులు గోధుమ వాడతారు. దాని పక్కన రై పాలు ఎక్కువగా ఉండే ఫోర్ రోజెస్ పెట్టండి. ఒకటి నాలుక మీద గుండ్రంగా, తీపిగా సాగుతుంది. రెండోది మిరియపు ఘాటుతో అంచులు చూపిస్తుంది. ఆసక్తి ఉంటే మూడో గ్లాసులో అమెరికా రై విస్కీ పోయండి, అందులో రై కనీసం 51 శాతం. అప్పుడు ఆ మిరియపు పోటు మూలమేమిటో అనుమానం ఉండదు.

పొగ సంగతికొస్తే, స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపం అనగానే పొగ అనుకోవడం అలవాటైంది. లాఫ్రోయిగ్ పక్కన అదే ద్వీపానికి చెందిన బున్నహావిన్ 12 ఏళ్లది పెట్టి చూడండి. మొదటిదానిలో ఆసుపత్రి గదిని గుర్తుచేసే మందు వాసన, పొగ, అయోడిన్. రెండోదానిలో పొగ దాదాపు లేనట్టే. పొగ ద్వీపం నుంచి రాదు, మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ అనే బొగ్గుమట్టిని మండిస్తే వస్తుంది. ప్రాంతం పేరు ఒక ఊహ మాత్రమే ఇస్తుంది. సీసాల ప్రచారంలో కనిపించే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్లు) లెక్క కూడా సాధారణంగా బార్లీలో కొలిచిన, పొగ వాసననిచ్చే ఫినాల్‌లది. బట్టీ పట్టేటప్పుడు కొంత, పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ మరికొంత తగ్గిపోతుంది. అంకె పెద్దదైనంత మాత్రాన గ్లాసులో పొగ అంత పెద్దగా ఉంటుందని లేదు.

వయసుకైతే ఒకే సంస్థ 12 ఏళ్లదీ, 18 ఏళ్లదీ తీసుకోండి. 18 ఏళ్లదే గెలుస్తుందని ముందే రాసిపెట్టుకోకండి. చెక్క ఎక్కువైతే వగరు పెరిగి పండ్ల వాసన వెనక్కి పోతుంది. నా మట్టుకు నాకు చాలా సంస్థల్లో పన్నెండు, పదిహేనేళ్ల దగ్గరే మద్యం, చెక్క సమానంగా మాట్లాడతాయి.

విస్కీ దాటితే జోడీలు ఇంకా సరదాగా ఉంటాయి. కోన్యాక్, ఆర్మాన్యాక్ రెండూ ఫ్రాన్సు ద్రాక్ష మద్యాలే. కోన్యాక్‌ను రాగి బట్టీలో రెండుసార్లు పడతారు. ఆర్మాన్యాక్‌ను ఎక్కువగా నిలువు బట్టీలో ఒకేసారి, తక్కువ బలంతో తీస్తారు. అందుకే అది కాస్త మొరటుగా, నిండుగా తగులుతుంది. రమ్ములో చెరకు మడ్డి నుంచి చేసిన జమైకా రమ్ము పక్కన, తాజా చెరకు రసం నుంచి చేసే, కరీబియన్ దీవి మార్టినిక్ రమ్ము పెట్టండి. జమైకాలో కొన్ని బట్టీలు పులియబెట్టడాన్ని రోజుల తరబడి సాగదీసి పండ్ల వాసననిచ్చే ఎస్టర్లనే పదార్థాలను పెంచుతాయి. మగ్గిపోయిన అరటిపండు, అనాస, జిగురు కలిసిన వాసన గుప్పుమంటుంది. మార్టినిక్ రమ్ములో పచ్చగడ్డి, చెరకు కోసిన వాసన. ఒకసారి ఈ రెండిటినీ పక్కపక్కన చూసినవాళ్లు రమ్మంటే ఒకటే రుచి అని మళ్లీ అనరు.

లేబుల్‌లో నమ్మదగినవి, నమ్మకూడనివి

స్కాచ్ సీసా మీద వయసు రాసి ఉంటే, అది అందులో కలిసిన విస్కీలన్నిటిలో అతి చిన్నదాని వయసు. స్కాచ్ అనిపించుకోవాలంటే 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్లు మాగాలి, బలం, అంటే ఆల్కహాల్ పాలు, 40 శాతానికి తగ్గకుండా సీసాలో నింపాలి. ఐరిష్, కెనడా విస్కీలకూ కనీస వయసు 3 ఏళ్లే. అమెరికాలో ‘స్ట్రెయిట్’ అని ఉంటే కనీసం 2 ఏళ్లు. ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అన్న మాట 1897 నాటి చట్టం నుంచి వచ్చింది. ఒకే సంస్థ ఒకే కాలంలో తీసిన మద్యం, కనీసం 4 ఏళ్లు, కచ్చితంగా 50 శాతం బలం. పోల్చి చూడటానికి ఈ గుర్తు చాలా అనుకూలం, ఎందుకంటే బలం అన్నిటిలో ఒకటే.

కోన్యాక్ లేబుల్ మీది అక్షరాలు కనీస వయసును చెబుతాయి: వీఎస్ అంటే 2 ఏళ్లు, వీఎస్ఓపీ 4, ఎక్స్ఓ 10. ఎక్స్ఓకు 2018 దాకా 6 ఏళ్లే సరిపోయేది. పాత సీసాలు దొరికితే ఇది గుర్తుంచుకోండి. మెక్సికో మద్యమైన టెకీలాలో రెపొసాదో అంటే 2 నెలల నుంచి ఏడాదిలోపు, అన్యెహో ఏడాది పైన, ఎక్స్‌ట్రా అన్యెహో 3 ఏళ్లు పైన.

రమ్ము దగ్గర మాత్రం కళ్లు తెరిచి చదవండి. సొలేరా పద్ధతిలో, అంటే పాతదానిలో కొత్తది కలుపుతూ పోయే పద్ధతిలో, చేసిన కొన్ని రమ్ములపై పెద్దగా అచ్చేసిన అంకె కనీస వయసు కాకపోవచ్చు. అందులోని అతి పాత మద్యానిది కావచ్చు. చక్కెర కలిపే రమ్ములూ ఉన్నాయి. యూరప్ నిబంధనల్లో లీటరుకు 20 గ్రాముల వరకు అనుమతి ఉంది. శుభ్రమైన గాజు పళ్లెంలో నాలుగు చుక్కలు వేసి ఆరనివ్వండి. వేలితో తాకినప్పుడు బంకలా అంటుకుంటే, మీకు ‘మెత్తదనం’ అనిపించినదానిలో కొంత చక్కెర ఉందన్నమాట. చక్కెర తప్పు కాదు, అయితే చక్కెర లేనిదాని పక్కన పెట్టి ‘ఇది మెత్తగా ఉంది’ అని తీర్పు చెబితే పోటీ న్యాయంగా ఉండదు.

రంగును అసలు లెక్కలోకి తీసుకోకండి. స్కాచ్‌లో మాడ్చిన చక్కెర రంగు కలపడానికి అనుమతి ఉంది. ముదురు రంగు చూసి ‘బాగా పాతది’ అనుకోవడం సీసా తయారుచేసినవాళ్లు కోరుకునేదే.

బల్ల మీద ఏం ఉండాలి

అడుగున ఉబ్బి, పైన ముడుచుకున్న గ్లాసులు కావాలి. గ్లెన్‌కైర్న్ రకం ఇందుకే ప్రసిద్ధి. షెర్రీ తాగే కోపిటా గ్లాసు కూడా అంతే బాగుంటుంది. అవి లేకపోతే చిన్న వైన్ గ్లాసులు చాలు. అసలు నియమం వేరు: గ్లాసులన్నీ ఒకే ఆకారంలో ఉండాలి. ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు అయితే మీరు పోల్చేది గ్లాసులనే. కడిగిన సబ్బు వాసన లోపల మిగిలిందేమో ఖాళీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టి చూడండి. అలమరాలో బోర్లించిన గ్లాసుల్లో చెక్క వాసన కూడా పడుతుంది. మామూలు నీళ్లతో ఒకసారి కడిగి ఆరబెడితే పోతుంది.

గ్లాసుకు 15 మిల్లీలీటర్లు చాలు, కొలిచి పోయండి. కంటి అంచనాతో పోస్తే నచ్చిన సీసా వైపు చేయి ఎక్కువ వంగుతుంది. ఒక పూటకు నాలుగు గ్లాసులు దాటవద్దు. 46 శాతం బలం ఉన్నవి నాలుగు, మొత్తం 60 మిల్లీలీటర్లు అనుకుంటే అందులో ఆల్కహాల్ సుమారు 22 గ్రాములు. అమెరికా లెక్కలో ఒక ప్రామాణిక పానీయం 14 గ్రాములు. అంటే చూడటానికి చుక్కల్లా కనిపించినా ఒకటిన్నర పానీయం లోపలికి వెళ్లినట్టే. ఆల్కహాల్‌కు పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టుకోండి. రోజూ పదుల కొద్దీ నమూనాలు చూసే నిపుణులు ముక్కుతోనే ఎక్కువ పని కానిచ్చి, నోట్లోకి తీసుకున్నది ఉమ్మేస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు. ఆ పూట బండి నడపాల్సినవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, వయసు రానివాళ్లు ఈ బల్ల దగ్గర కూర్చోకూడదు.

మామూలు గది వేడిమిలో ఉన్న మంచినీళ్లు, చప్పటి బ్రెడ్ ముక్కలు, కాగితం, కలం, చుక్కలు వేసే గొట్టం లేదా సూది లేని సిరంజి. ఇంతే సరంజామా. ఐసు వద్దు. చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది. ఆ పూటకు అత్తరు, అగరబత్తి, పక్క గదిలో పోపు ఏవీ లేకుండా చూసుకోండి.

పేర్లు దాచడం

ఈ పని చేసేవాళ్లు తక్కువ, కానీ ఇది చేయకపోతే మిగతాదంతా కాలక్షేపమే. సీసా కనిపిస్తున్నంతసేపు మీరు రుచి చూసేది దాని పేరును, వయసును, పెట్టిన డబ్బును. మరొకరిని పిలిచి, మీరు చూడకుండా పోయమనండి. గ్లాసుల అడుగున ఒకటి, రెండు, మూడు అని చీటీలు అంటించి, ఏ అంకె ఏ సీసాదో వాళ్ల దగ్గరే రాసిపెట్టుకోమనండి. రంగు తేడా బయటపెడుతుందనుకుంటే గ్లాసుల చుట్టూ కాగితం చుట్టండి, లేదా దీపం తగ్గించండి. ఒంటరిగా ఉంటే చీటీలంటించిన గ్లాసులను కళ్లు మూసుకుని కాసేపు అటూఇటూ మార్చండి. చిందకుండా చూసుకోండి.

ఇద్దరు స్నేహితులు ‘నాకు ఈ రెండిటి తేడా బాగా తెలుసు’ అని వాదించుకుంటుంటే తేల్చడానికి త్రికోణ పరీక్ష ఉంది. మూడు గ్లాసులు, రెండిటిలో ఒకే మద్యం, మూడోదానిలో వేరేది. ఏది వేరో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక గెలుపుతో మురిసిపోకండి. వరుసగా మూడుసార్లు సరిగ్గా చెబితే అది అదృష్టం కావడానికి అవకాశం 27లో 1 మాత్రమే. పోసేవాళ్లు ప్రతిసారీ జాగా మార్చాలి, ఏది రెండు గ్లాసుల్లో ఉందన్నదీ మార్చాలి. ముక్కుతోనే చేయండి, తాగనక్కర్లేదు. ఈ పరీక్షలో మీరు తేడా పట్టుకోలేకపోయిన జోడీలో చవకైన సీసా ఏదో అది కొనుక్కుంటే సరిపోతుంది. దీనికంటే లాభసాటి సలహా నా దగ్గర లేదు.

ముక్కు పని

పోసిన వెంటనే ముక్కు పెట్టకండి. అయిదు నిమిషాలైనా వదిలేయండి, బలం ఎక్కువైతే పది. ముందుగా లేచే ఘాటు కొంత తగ్గుతుంది. తర్వాత గ్లాసును గడ్డం దగ్గరికి తెచ్చి, నెమ్మదిగా పైకి లేపండి. పెదవులు కొద్దిగా తెరిచి ఉంచి నోటితోనూ గాలి పీలిస్తే ముక్కు మండదు. లోతుగా ఒక్కసారి లాగడం కంటే చిన్నచిన్నగా రెండు మూడుసార్లు పీల్చడం మంచిది. గ్లాసును వంచి, అంచు పై భాగంలో ఒకసారి, కింది భాగంలో ఒకసారి చూడండి. వాసన ఒకేలా ఉండదు.

ఇప్పుడు రెండో గ్లాసు. మళ్లీ మొదటిది. ఇలా అటూఇటూ తిరగడమే కీలకం. మొదటిదాన్ని పూర్తిగా చూసి, రాసి, తర్వాత రెండోదానికి వెళ్లాలనుకుంటే జోడీ వల్ల వచ్చే లాభం పోతుంది. ముక్కు మొద్దుబారినట్టు అనిపిస్తే మీ చొక్కా చేతి మడత వాసన చూడండి, లేదా బయటి గాలి పీల్చండి. కాఫీ గింజలు పెట్టే అలవాటు కొందరికి ఉంది. మామూలు గాలి చేయని పని అవేమీ చేయవు.

ఏం వెతకాలో తెలియకపోతే పెద్ద గదుల నుంచి చిన్న గదుల్లోకి వెళ్లండి. పండా, ధాన్యమా, చెక్కా, పొగా, పూలా? పండైతే పచ్చిదా, పండినదా, ఎండినదా? ఎండినదైతే ద్రాక్షా, ఖర్జూరమా? స్కాట్లాండ్ పరిశోధకులు 1979లో తయారుచేసిన రుచుల చక్రం కూడా ఇలాగే నడుస్తుంది, నడుమ పెద్ద కుటుంబాలు, అంచున వాటి పిల్లలు. ఎవరో రాసిన పద్దెనిమిది రుచుల చిట్టాతో పోల్చుకుని మీకు మూడే దొరికాయని చిన్నబుచ్చుకోకండి. ఆ చిట్టాల్లో సగం రాసేవాడి ఉత్సాహం.

నాలుక మీద

మొదటి గుటకకు ఓటు హక్కు లేదు. ఇథనాల్, అంటే మద్యంలోని ఆల్కహాల్, నోట్లో వేడిని పసిగట్టే నరాలను రేపుతుంది. అందుకే చల్లటి మద్యమైనా మంటగా తగులుతుంది. మొదట చాలా చిన్న గుటక తీసుకుని నోరంతా తడపండి, దాన్ని లెక్కించకండి. ఒక నిమిషం ఆగి తీసుకున్న రెండో గుటకతో పని మొదలవుతుంది. నాలుక మీద పది సెకన్లు తిప్పండి. నీళ్లలా పలచగా ఉందా, నూనెలా పట్టుకుందా? తీపి ముందొచ్చిందా, వగరు ముందొచ్చిందా? మింగాక లేదా ఉమ్మాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి.

రుచి అనుకునేదానిలో ఎక్కువ భాగం వాసనేనని నమ్మకం కుదరకపోతే, ముక్కు గట్టిగా మూసుకుని ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. తీపి, మంట తప్ప ఏమీ తెలియదు. వేళ్లు వదిలిన క్షణాన వనిల్లా, పొగ, పండు ఒక్కసారిగా వచ్చి పడతాయి.

మింగిన తర్వాత ఎంతసేపు నిలిచిందో కూడా చూడండి. ఎక్కువసేపు నిలవడం గొప్పే, కానీ నిలిచింది చేదైతే ఆ నిడివి దండనే.

నీళ్లు ఎంత, ఎప్పుడు

నీళ్లు కలిపితే మర్యాద తక్కువనే మాట పట్టించుకోకండి. విస్కీలు కలిపే నిపుణులు వాసన చూసేటప్పుడు బలం 20 శాతానికి దిగేదాకా పలచన చేస్తారు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో చేసిన పని దీనికి ఒక కారణం చూపింది. పొగ రుచి ఇచ్చే గ్వాయకాల్ అనే అణువు, బలం 45 శాతం, అంతకంటే తక్కువ ఉన్నప్పుడు ద్రవం ఉపరితలం దగ్గర, ఇథనాల్‌తో పాటు ఉంటుంది. 59 శాతం పైన ఇథనాల్ దాన్ని చుట్టుముట్టి లోపలికి లాగేస్తుంది. ముక్కుకు అందేది ఉపరితలం మీద ఉన్నదే కదా.

పోల్చేటప్పుడు నీళ్ల అవసరం ఇంకా ఎక్కువ. 60 శాతం ఉన్నదాన్ని 45 శాతం ఉన్నదాని పక్కన పెడితే మొదటిది బిగ్గరగా మాట్లాడి గెలుస్తుంది, లేదా మంటతో ఓడుతుంది. రెండూ అన్యాయమే. లెక్క తేలిక: పోసిన మోతాదును ఉన్న బలంతో గుణించి, కావలసిన బలంతో భాగించండి. 15 మిల్లీలీటర్లను 60తో గుణించి 45తో భాగిస్తే 20. అంటే 5 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి. సిరంజితో పోసి, అయిదు నిమిషాలు కుదురుకోనివ్వండి. ముందు నీళ్లు లేకుండా ఒకసారి, తర్వాత బలం సమం చేసి ఒకసారి చూడండి. ఈ రెండు చూపుల మధ్య అభిప్రాయం తారుమారైతే, మీకు నచ్చింది విస్కీ కాదు, దాని బలం.

చల్లటి నీళ్లు వేసినప్పుడు కొన్ని మద్యాలు మసకబారుతాయి. పాడైందని పారబోయకండి. చలిలో వడకట్టని విస్కీలో మిగిలిన కొవ్వు ఎస్టర్లు అలా బయటపడతాయి. నోటికి నిండుదనం ఇచ్చే వాటిలో అవీ ఉన్నాయి.

వరుస

తక్కువ బలం నుంచి ఎక్కువకు, పొగ లేనిదాని నుంచి పొగ ఉన్నదానికి, తీపి తక్కువ నుంచి ఎక్కువకు. పొగ స్కాచ్ తర్వాత సున్నితమైన కోన్యాక్ పెడితే అది బూడిదలా తగులుతుంది. ఒక వరుస పూర్తయ్యాక వెనక నుంచి ముందుకు మళ్లీ ఒకసారి రండి. మొదటి గ్లాసు చప్పగా అనిపించడం, చివరిది గొప్పగా అనిపించడం చాలాసార్లు వరుస చేసే మాయ.

వేడి ప్రాంతాల విస్కీలను పోల్చేటప్పుడు ఏళ్ల అంకెను పక్కన పెట్టేయండి. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. తైవాన్‌లోని కవలాన్‌లోనో, బెంగళూరులోని అమృత్‌లోనో అది కొన్ని రెట్లు ఎక్కువ, చెక్కతో మాటామంతీ కూడా అంత వేగం. అక్కడ అయిదేళ్లలో వచ్చే రంగు, వగరు స్కాట్లాండ్ అయిదేళ్ల విస్కీతో పొసగవు. కెంటకీలోని ఎత్తయిన గోదాముల పై అంతస్తుల్లో ఎండకు నీళ్లే ఎక్కువ ఆవిరై, పీపాలో బలం పెరుగుతుంది. స్కాట్లాండ్ తేమలో ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. నీళ్లు కలపకుండా పీపాలోని బలంతోనే నింపిన పాత బోర్బన్ మండిపడుతుంటే, పాత స్కాచ్ శాంతంగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

రాసిపెట్టుకోవడం, దాచిపెట్టుకోవడం

పేర్లు తెలియకముందే రాయండి. గ్లాసు అంకె, తేదీ, సీసాలో ఎంత మిగిలింది, వాసనకు రెండు మాటలు, రుచికి రెండు మాటలు, చివరికి ఒక్క ప్రశ్నకు జవాబు: ‘ఇంకొంచెం పోయమంటే ఏది అడుగుతాను?’ వందకు మార్కులు వేయడం నాకు నచ్చదు. 87కూ 88కీ తేడా చెప్పగల నాలుకలు చాలా తక్కువ. రెండిటిలో ఏది అన్న ప్రశ్నకు మాత్రం ఎవరైనా నిజాయితీగా జవాబు చెప్పగలరు.

సీసాలో మద్యం మాగదు. పీపాలోంచి బయటికి వచ్చిన రోజున దాని వయసు ఆగిపోతుంది. అయితే మూత తీశాక గాలి తన పని మొదలుపెడుతుంది. సీసాలో మూడో వంతుకు దిగాక మార్పు తెలుస్తుంది, పొగ విస్కీల్లో పొగే ముందు సన్నబడుతుంది. మళ్లీ పోల్చాలనుకునేదాన్ని చిన్న గాజు సీసాలోకి గరాటుతో నిండుగా ఎత్తిపెట్టండి, పేరూ తేదీ రాసి అంటించండి. ఎండ తగలని చోట, నిలబెట్టి ఉంచండి. వైన్ సీసాలా పడుకోబెడితే బలమైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. చాలాకాలం ముట్టని పాత సీసా మూత తీసేటప్పుడు మెల్లగా తిప్పుతూ లాగండి. బిరడా విరిగితే కాఫీ వడకట్టే కాగితంలోంచి వేరే సీసాలోకి పోసుకోండి.

కొన్ని వారాల తర్వాత అదే జోడీని, పాత కాగితం చూడకుండా, మళ్లీ పేర్లు దాచి పోయించుకోండి. రెండుసార్లూ ఒకే గ్లాసును అడిగితే అది మీ సీసా. మాట మారితే ఆ రెండూ మీకు ఇంచుమించు సమానమే. అప్పుడు కొత్త సీసా కొనేటప్పుడు ఆ జోడీ గురించి ఆలోచించకుండా, ఇంకా తేలని వేరే ప్రశ్నకు డబ్బు పెట్టండి.